టెక్ సందేహాలు: ఎడారికి ఎనిమిది బండ్లు

దాళ్వా (రెండో పంట) వరి నాట్లు పడ్డాయంటే గోదావరి డెల్టాలో చేతిలో కాస్త డబ్బు, ఇంటి ముందు పెద్ద టైర్ల బండి ఉన్నవారికి కాళ్లు నిలవవు. ఒకప్పుడు అరకు, ఆ తరువాత గోవా, ఇప్పుడు చూపంతా రాజస్థాన్ ఇసుక మీద. దాదాపు 2,000 కిలోమీటర్లు వెళ్లి మరీ దిగబడి రావాలన్న సరదాను తప్పుపట్టను. దానికోసం కొంటున్న సామాను జాబితా చూస్తేనే భయం వేస్తోంది. ఉత్తరాలన్నింటిలో ఒకటే మూలుగు: "అక్కడ సిగ్నల్ ఉండదట!" అందుకే అందరికీ కలిపి ఒకేచోట జవాబులు.

ప్రశ్న: ఎనిమిది బండ్లలో జైసల్మేర్ వెళ్లి, అక్కడి నుంచి సమ్, ఖూడీ వైపు ఇసుక దారుల్లో తిరగాలని మా ఆలోచన. సిగ్నల్ లేకపోతే జీపీఎస్ పనిచేయదు కదా సార్, ఏ యాప్ మంచిది? (అమలాపురం)

జవాబు: పనిచేస్తుంది. ఎన్నిసార్లు రాసినా మళ్లీ ఇదే ప్రశ్న వస్తోంది కాబట్టి కాస్త గట్టిగానే చెబుతున్నాను. జీపీఎస్‌కూ సెల్ టవరుకూ బంధుత్వం లేదు. భూమికి 20,000 కిలోమీటర్లకు పైగా ఎత్తున తిరిగే ఉపగ్రహాలు పంపే సంకేతాలను విని, తానెక్కడుందో ఫోను లెక్క కట్టుకుంటుంది. వినడమే తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు. నెట్ ఉంటే మొదటిసారి స్థానం త్వరగా దొరుకుతుంది, లేకపోతే ఆరుబయట కాసేపు ఆగాలి, అంతే. సిగ్నల్ పోగానే మాయమయ్యేది మీ స్థానం కాదు, దాని కింద ఉండాల్సిన పటం. నీలం చుక్క మెరుస్తూనే ఉంటుంది, దాని చుట్టూ బూడిదరంగు గళ్లు తప్ప ఏమీ కనిపించవు.

కాబట్టి పటాన్ని ఇంటి దగ్గరే దించుకోండి. జనమే కలిసి గీసుకున్న ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఆధారంగా నడిచే ఉచిత యాప్‌లు ఉన్నాయి, రాష్ట్రం మొత్తం ఫోనులో పట్టేస్తుంది. దించుకున్నాక ఫోనును ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ముక్తేశ్వరం రేవు దాకా వెళ్లి రండి. దారి చూపించిందా, సరే. చూపించకపోతే ఆ సంగతి ఇక్కడ కాలువ గట్టు మీద తెలియడమే మంచిది. ఈ పని ఒక్క ఫోనులో కాదు, ఎనిమిది బండ్లలోనూ జరగాలి. అందరికంటే ముందు నడిచే బండిలో ఫోనును అద్దం కింద ఎండలో బిగిస్తారు, అది వేడెక్కి ఛార్జింగ్ ఆపేస్తుంది, తరువాత తానే ఆగిపోతుంది. దాన్ని ఏసీ గాలి తగిలే చోట బిగించండి. దిబ్బల్లో యాప్ చూపించే దారి కంటే మీరు వచ్చిన దారి ముఖ్యం. ట్రాక్ రికార్డు చేసే మీట నొక్కి బయల్దేరితే అదే మిమ్మల్ని వెనక్కి తీసుకొస్తుంది.

ఇంకొక చిక్కు ఎవరూ అడగలేదు, నేనే చెబుతాను. గైడు ఒకచోటికి రమ్మని అక్షాంశం 26 డిగ్రీల 30 నిమిషాలు అని పంపుతాడు. 30 నిమిషాలంటే అర డిగ్రీ, అంటే 26.5. మీలో ఒకరు దాన్ని 26.30 అని కొడతారు. తేడా 0.2 డిగ్రీ. అక్షాంశంలో ఒక డిగ్రీ సుమారు 111 కిలోమీటర్లు కాబట్టి ఆయన 22 కిలోమీటర్ల అవతల తేలతాడు. కోనసీమలో అయితే దారి పొడవునా ఎవరో ఒకరు తగిలి ఊరి పేరు చెబుతారు. అక్కడ ఆ ఆశ పెట్టుకోకండి. బయల్దేరే ముందే అందరి ఫోన్లలోనూ ఒకే పద్ధతి పెట్టుకోండి.

పటంలో గీత కనిపించింది కదా అని బండి తిప్పేయడానికి వీల్లేదు. జైసల్మేర్, బాడ్‌మేర్ జిల్లాల్లో 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్కు ఉంది. అది మన బట్టమేక పిట్టకు దేశంలో మిగిలిన చివరి ఆశ్రయాల్లో ముఖ్యమైనది. సరిహద్దు వైపు కొన్ని ప్రాంతాలకు స్థానిక అధికారుల అనుమతి కూడా కావాలి. ఇది ఏ యాప్ చెప్పదు. జైసల్మేర్‌లో దిగిన రోజే కనుక్కోండి.

ప్రశ్న: ఒక్కో బండికి ఒక ట్రాకర్ పెట్టి అన్నింటినీ ఒకే యాప్‌లో చూసుకుందామని అనుకుంటున్నాం. ఆన్‌లైన్‌లో చవకగా ఉన్నాయి. దొంగలెత్తుకుపోతే ఇంజిన్ ఆపేసే సౌకర్యం కూడా ఉందట. ఏది కొనమంటారు? (భీమవరం)

జవాబు: ఏదీ వద్దంటాను. ఈసారి నన్ను అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టిన ఉత్తరం ఇదే.

ఆ చిన్న పెట్టెలో ఉండేది ఒక జీపీఎస్ రిసీవరు, ఒక సిమ్ము. బండి ఎక్కడుందో మొబైల్ డేటా మీద ఎక్కడో ఉన్న సర్వరుకు చెబుతుంది. మీ యాప్ ఆ సర్వరును అడిగి మీకు చూపిస్తుంది. అంటే టవరు లేని దిబ్బల మధ్య, మీకు నిజంగా కావలసిన చోట, అది గుడ్డిది. జువ్వలపాలెం రోడ్డులో, మీకు దానితో పని లేని చోట, చక్కగా పనిచేస్తుంది. మీ ఒక్కరికే కాదు, ఆ సర్వరు తలుపు తీయగలిగిన ప్రతివాడికీ పనిచేస్తుంది.

ఆ తలుపు ఎంత గట్టిదో చూడండి. ఒకేచోట తయారై రకరకాల పేర్లతో అమ్ముడుపోయిన ట్రాకర్లలో దాదాపు 6 లక్షలు 123456 అనే పాస్‌వర్డ్‌తో నడుస్తున్నాయని 2019లో యాంటీవైరస్ సంస్థ అవాస్ట్ పరిశోధకులు బయటపెట్టారు. లాగిన్ పేరు కూడా పరికరం ఐఎంఈఐ నంబరు (ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్య) లోంచే పుట్టింది కాబట్టి, అంకెలు వరుసగా మారుస్తూ పోతే ఒక్కో ట్రాకరూ తెరపైకి వస్తుంది. 2022 జులైలో అమెరికా ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ వాహనాలకు పెట్టే మరో ట్రాకర్ గురించి హెచ్చరిక జారీ చేసింది. అందులో అన్నింటికీ పనికొచ్చే పాస్‌వర్డ్ ఒకటి ముందే లోపల రాసి ఉంది. అది తెలిసినవాడు బండి కదలికలు చూడటమే కాదు, ఇంజినుకు ఇంధనం అందకుండా కూడా చేయగలడు. మీరు "సౌకర్యం" అని రాసింది దీన్నే.

ఆ సౌకర్యం కోసం మెకానిక్ ఇంధన పంపు తీగను కోసి మధ్యలో ఒక రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, కలుపుతాడు. చాలా చవక రకాలు ఎస్సెమ్మెస్ ఆదేశాలకు కూడా లొంగుతాయి. ఆ సిమ్ము నంబరు, కర్మాగారంలో పెట్టిన ఆరంకెల పాస్‌వర్డ్ తెలిస్తే చాలు. ఎనభై కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న బండికి ఒక సందేశం చాలు. పైగా అతికించిన ఆ తీగ కుదుపులకు ఊడితే, హ్యాకరు అవసరం కూడా లేకుండానే నడి ఎడారిలో ఆగిపోతారు. ఇప్పటికే పెట్టించుకున్నవారు రిలేను తీయించి తీగను మునుపటిలా కలిపించండి. యాప్ పాస్‌వర్డు, ఎస్సెమ్మెస్ పాస్‌వర్డు రెండూ వేరువేరు, రెండూ మార్చండి. పాత బండి కొన్నవారు డ్యాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి వెతకండి. అమ్మినాయన యాప్‌లో మీ బండి ఇంకా తిరుగుతూ ఉండవచ్చు.

ట్రాకర్ లేనివారు నిశ్చింతగా ఉండనక్కరలేదు. ప్రయాణం పేరుతో వాట్సాప్ గ్రూపు పెడతారు. అందులో ఎనిమిది బండ్లవారితో పాటు వారి తమ్ముళ్లు, ఫైనాన్సు ఆయన, నిరుడు ఇంకో యాత్రకు వచ్చిన ఎవరో కూడా ఉంటారు. బయల్దేరే తేదీ, తిరిగొచ్చే తేదీ, బండి నంబర్లు, హోటల్ కోసం పంపిన ఆధార్ ఫొటోలు, అన్నీ అందులోనే. ఇంటికి తాళం వేసి, ఎప్పుడొస్తామో గుడి మైకులో చెప్పి వెళ్లినట్టు! లైవ్ లొకేషన్‌ను 15 నిమిషాలు, గంట, 8 గంటలు అని ఎంచుకునే వీలుంది. దాన్ని డ్రైవర్లతో, ఇంటి దగ్గర ఒక్క మనిషితో మాత్రమే పంచుకోండి. ఆధార్ ఫొటో హోటల్ వారికి నేరుగా ఇవ్వండి, గ్రూపులో వేయకండి.

మీరు తిరిగిన దారిని వ్యాయామ యాప్‌లలో అందరికీ కనిపించేలా పెట్టకండి. అలాంటి యాప్ ఒకటి ప్రచురించిన పటంలో సైనిక స్థావరాల్లో జవాన్లు పరుగెత్తిన గీతలు వెలుగుతూ కనిపించి 2018 జనవరిలో ప్రపంచమంతా గగ్గోలు పుట్టింది. మీరు వెళ్తున్నది సరిహద్దు జిల్లాకని మరిచిపోకండి.

చలానా సంగతీ ఇక్కడే చెప్పాలి. ఇన్ని రాష్ట్రాలు దాటాక "మీ వాహనంపై చలానా ఉంది" అని ఏపీకే ఫైలుతో (నొక్కితే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు) సందేశం వస్తే ఎంత జాగ్రత్తపరుడైనా నమ్ముతాడు. ఎక్కడో కెమెరాకు చిక్కామనే అనుకుంటాడు. ఆ ఫైలు నొక్కితే ఓటీపీలు చదివే దొంగ యాప్ ఫోనులో దిగుతుంది. చలానా చూడాలంటే కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ సైటులో బండి నంబరు కొట్టి చూడండి. ఏ ప్రభుత్వ శాఖా వాట్సాప్‌లో యాప్ పంపదు.

ప్రశ్న: కువైట్‌లో ఉన్న మా బావ సెలవుకు వస్తూ ఉపగ్రహ ఫోను తెస్తానంటున్నాడు. అక్కడ ఎడారికి వెళ్లేవాళ్లందరి దగ్గరా ఉంటుందట. తెమ్మంటారా? వాకీటాకీలు కూడా చెప్పండి. (రాజోలు)

జవాబు: వద్దని ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. థురాయా, ఇరిడియం కంపెనీల ఉపగ్రహ ఫోన్లను మన దేశంలో అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడమే నేరం. టెలికాం శాఖ అనుమతి లేకుండా తెచ్చి విమానాశ్రయంలోనే పట్టుబడిన విదేశీ పర్యాటకులు ఉన్నారు. మాటలు లేకుండా సందేశాలు మాత్రమే పంపే చిన్న ఉపగ్రహ పరికరాలకూ ఇదే వర్తిస్తుంది. కువైట్‌లో అందరి దగ్గరా ఉందన్నది సరిహద్దు భద్రతా దళం దగ్గర చెల్లే జవాబు కాదు. స్థానం వినడం మాత్రమే తెలిసిన జీపీఎస్ పరికరాలకు ఈ ఇబ్బంది లేదు.

వాకీటాకీల్లో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే తక్కువ శక్తి రకాలకు లైసెన్సు అక్కరలేదు. పెట్టె మీద ఆ అంకెలు, ప్రభుత్వ ఆమోదం వివరాలు లేకపోతే కొనకండి. అలా అమ్ముతున్నందుకే 2025లో ఈ-కామర్స్ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ నోటీసులు ఇచ్చింది. పెట్టె మీద రాసిన కిలోమీటర్లు నమ్మవద్దు, మధ్యలో ఒక దిబ్బ అడ్డొస్తే మాట తెగిపోతుంది. వాటిలో ఉండే "ప్రైవసీ కోడ్" అన్నది ఇతరుల మాటలు మీకు వినబడకుండా చేస్తుందే తప్ప మీ మాటలు ఇతరులకు వినబడకుండా చేయదు. ఇంతమంది తెలివైనవాళ్లు కూర్చుని ఒక వడపోతకు ఆ పేరు ఎలా పెట్టారో నాకు అర్థం కాదు. వీటన్నింటికంటే నమ్మకమైనది వెనక బండి అద్దంలో కనిపించేలా నడపడం. కనిపించకపోతే ఆగడం.

ప్రశ్న: మా కొత్త బండి ఇసుకలో తనంతట తానే పవర్ తగ్గించేస్తుందని అంటున్నారు, నిజమేనా? బయల్దేరే ముందు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయించాలా? (పాలకొల్లు)

జవాబు: నిజమే. చక్రం జారుతోందని పసిగట్టి ఇంజిన్ శక్తిని తగ్గించే ఆ ఏర్పాటు వాన పడిన తారు రోడ్డు మీద ప్రాణాలు కాపాడుతుంది. ఇసుక దిబ్బ ఎక్కేటప్పుడు మాత్రం చక్రాలు కొంత తిరుగుతూనే ఉండాలి. సగం వాలులో శక్తి తగ్గితే బండి అక్కడే కూరుకుపోతుంది. ఇసుక మోడ్ ఉంటే అది వాడండి, లేకపోతే ఆ ఏర్పాటును ఆపుకోండి. తారు రోడ్డెక్కగానే మళ్లీ పెట్టండి.

ఆపే మీట ఎక్కడుందంటారా? అక్కడే నాకు ఒళ్లు మండుతుంది. ఒకప్పుడు గేరు పక్కన, చూడకుండా వేలితో నొక్కగలిగే బటన్ ఉండేది. ఇప్పుడది తెరలో సెట్టింగులు, వాహనం, భద్రత అంటూ మూడు గదులు దాటితే దొరుకుతుంది. బండి ఊగుతుంటే, చేతికి దుమ్ము పట్టి ఉంటే, తెర మీద ఎండ పడుతుంటే ఆ చిన్న గీతను జరపాలట. దీన్ని గీసినవాడు ఏసీ గదిలో కుర్చీలోంచి కదలకుండానే గీశాడని ఒట్టు పెట్టి చెప్పగలను. అప్‌డేట్ వచ్చిన మర్నాడు ఆ గదుల వరుస కూడా మారిపోతుంది. ఇక ఫోను యాప్‌లయితే అప్‌డేట్ కాగానే మనల్ని బయటికి నెట్టి "మీ నంబరుకు ఓటీపీ పంపాం" అంటాయి. టవరే లేని చోట ఓటీపీ ఎవరు మోసుకొస్తారు? నెట్ ఎప్పుడూ ఉంటుందన్నది హైదరాబాద్, బెంగళూరు ఆఫీసుల్లో పుట్టిన నమ్మకం. లంక గ్రామాల్లో వరద రోజుల్లో కరెంటు పోయి టవరు ఆగినప్పుడు మనవాళ్లకూ ఇదే గతి. ఎడారి దాకా వెళ్లనక్కరలేదు.

కాబట్టి అప్‌డేట్లన్నీ పది రోజుల ముందే చేయించుకుని, తరువాత ఇక్కడే బండి తిప్పి చూసుకోండి. జైసల్మేర్ హోటల్లో వైఫై బాగుందని రాత్రి పూట ఏదీ నొక్కకండి.

ప్రశ్న: పంటు (బండ్లు ఏరు దాటించే పడవ) మీద బండ్లు దాటించి అంతర్వేది ఇసుకలో ప్రాక్టీసు చేద్దామా? (నరసాపురం)

జవాబు: వద్దు. జనవరి నుంచి సముద్రపు తాబేళ్లు మన తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలం. ఉప్పునీరు బండి కింది తీగల కనెక్టర్లను తినేస్తుంది కూడా. ఇంటి ఆవరణలోనే చేయాల్సిన పని ఒకటి ఉంది. నాలుగు టైర్లలో గాలిని 32 నుంచి 18 పీఎస్‌ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించి, మీరు కొన్న చిన్న కంప్రెసరుతో మళ్లీ నింపండి. సిగరెట్ లైటర్ సాకెట్ ఫ్యూజు మీద ఎన్ని ఆంపియర్లుందో, కంప్రెసరు ఎన్ని లాగుతుందో ముందు చూసుకోండి. ఎక్కువ లాగేదైతే క్లిప్పులతో నేరుగా బ్యాటరీకి తగిలించే రకం కావాలి. విడి ఫ్యూజులు రెండు గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.