అమ్మమ్మ తివాచీ ఉతికించే ముందు

చి.ల.సౌ. చిట్టికి,

మావయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. వానలకి అత్తయ్య మోకాళ్లు మళ్లీ మొదలెట్టాయి, అంతకుమించి విశేషాలేమీ లేవు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. గృహప్రవేశానికి హాల్లో అమ్మమ్మ తివాచీ పరుస్తానన్నావట, ట్రంకుపెట్టెలోంచి తీసి కారులో హైదరాబాద్ పట్టుకెళ్లిపోయావట కూడా. విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఇన్నేళ్లలో దాన్ని కావాలని అడిగినవాళ్లు లేరు. మీ అన్నయ్య ఓసారి "ఆ పాత దుప్పటి ఇంకా ఎందుకమ్మా" అన్నాడు, నేను విన్నాను. నువ్వొక్కదానివే అడిగి తీసుకెళ్లావు.

అంతలోనే మీ అమ్మ ఇంకో ముక్క అంది. శనివారం ఎవరో వచ్చి సోఫాతో పాటు దాన్ని కూడా "స్టీమ్" కొట్టి వెళ్తారని, మూడు కార్పెట్లకీ కలిపి ఒకటే ప్యాకేజీ అని. ఇంక నాకు నిద్ర పడితే ఒట్టు. ఫోన్ చేద్దామా అంటే నాకు ముందు కోపం వస్తుంది, మాట తర్వాత వస్తుంది. అందుకే రాస్తున్నాను. ఈ కాగితాలు పక్కింటి కుర్రాడితో ఫోటోలు తీయించి వాట్సాప్‌లో పెట్టిస్తాను. అల్లుడికి కూడా చదివి వినిపించు.

ముందు ఆ శనివారం లెక్కలోంచి తివాచీని తీసేయించు. ఆ పని అయ్యాక మిగతాది చదువు.

విజయవాడలో ఇరవై తొమ్మిదేళ్లు డ్రైక్లీనింగ్ షాపు నడిపినవాణ్ణి. తివాచీ తెచ్చి కౌంటర్ మీద పడేస్తే అందరూ పైన మరకలు చూపిస్తారు. నేను దాన్ని తిరగేసేవాణ్ణి. ఎలా ఉతకాలో వెనకవైపు చెబుతుంది, పైవైపు చెప్పదు. తిరగేసి చూడకుండానే అడుగుకింత అని రేటు చెప్పేవాడికి నీ వస్తువు ఇవ్వకు. ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తుండకపోయినా ఫర్వాలేదు.

మీ ఇంట్లో ఉన్న మూడూ మూడు జాతులు. పడగ్గదిలోది మిషన్ నేత, ప్లాస్టిక్ దారం. దాన్ని ఆ శనివారం వాళ్లకే ఇచ్చెయ్, ఏమీ కాదు. వాళ్లు స్టీమ్ అంటారు గానీ అది ఆవిరి కాదు, వేడి సబ్బునీళ్లు లోపలికి కొట్టి వెంటనే వ్యాక్యూమ్‌తో లాగేయడం. ప్లాస్టిక్ దానికి తట్టుకుంటుంది.

సోఫా ముందు వేసినది, ఆన్‌లైన్‌లో కొన్నావే, అది వేరు. హ్యాండ్‌మేడ్ అని రాసి అమ్మి ఉంటారు, అబద్ధమూ కాదు. కానీ తిరగేస్తే వెనక గుడ్డ అంటించి ఉంటుంది చూడు. దాన్ని టఫ్టెడ్ అంటారు. చేత్తో పట్టుకునే గన్‌తో ఉన్నిదారాన్ని గుడ్డలోకి గుచ్చుకుంటూ పోయి, ఊడిపోకుండా వెనక రబ్బరు జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ కప్పుతారు. అందులో ముడి అనేదే లేదు, అంతా ఆ జిగురు దయ. నీళ్లలో నానబెడితే గుడ్డ విడిపోయి అప్పడంలా పొంగుతుంది. డ్రైక్లీనింగ్‌కి ఇస్తే ఆ మందుకి జిగురు మెత్తబడిపోతుంది. నేనే డ్రైక్లీనింగ్ వాణ్ణి, నా మాట నమ్ము. తక్కువ తడితో పైపైన తుడిపించి, ఫ్యాన్ కింద ఆరబెట్టు. పట్టులా మెరుస్తూ ఉంటే మాత్రం దాన్ని తడి చేయనే వద్దు. అది పట్టు అయ్యుండదు, విస్కోస్ అనే నకిలీ పట్టుదారం అయ్యుంటుంది. నీళ్లు తగిలితే పోగులు చచ్చుబడి పసుపు రంగుకి తిరుగుతుంది.

ఇక అమ్మమ్మది. వెనక్కి తిప్పితే అదే పువ్వు, అదే ఎరుపు, ముడి ముడీ లెక్కపెట్టుకోవచ్చు. చివర కుచ్చులు తర్వాత కుట్టినవి కావు, లోపలి నూలు పడుగే, అంటే నిలువు దారాలే, బయటికొచ్చి కుచ్చులైంది. తాతయ్య ఏలూరులో ఉద్యోగం చేస్తున్నప్పుడు తంగెళ్లమూడిలో దగ్గరుండి నేయించాడు. నా చిన్నప్పుడు ఓసారి నన్నూ తీసుకెళ్లాడు. నిలువు మగ్గం, దాని ముందు బల్ల, బల్ల మీద ఇద్దరు. ఒక్కో పడుగు జతకీ ఉన్ని చుట్టి ముడేయడం, కత్తితో టక్కున తెంపడం, వరస పూర్తయ్యాక ఇనుప దువ్వెనతో దంచడం. ఆ దంపుడు చప్పుడు వీధి చివరికి వినిపించేది. వాళ్ల పూర్వీకులు పర్షియా నుంచి వచ్చారని చెప్పుకునేవాళ్లు. నేను కూర్చున్న గంటసేపట్లో తివాచీ బెత్తెడు కూడా పెరగలేదు. అలా నెలల తరబడి నేసి, ఒకే డిజైన్‌లో రెండు ఇచ్చారు.

రెండు అనే మాట నీకు కొత్తగా ఉంటుంది. మీ అమ్మ ఎప్పుడూ చెప్పి ఉండదు, నా పరువు కోసం.

1988 శ్రావణం. మీ అమ్మని చూసుకోవడానికి మీ నాన్న వాళ్లు వస్తున్నారు. అమ్మ ఒక తివాచీ తీసి, "ఏలూరు పంపిస్తే నేసినవాళ్లే ఉతికి ఇస్తార్రా" అంది. నాకప్పుడు ఇరవై ఏడేళ్లు, షాపు పెట్టి మూడేళ్లు. కోట్లూ పట్టుచీరలూ ఉతికి పేరు తెచ్చుకుంటున్నానన్న పొగరు. "నాకు షాపు ఉండగా ఊళ్లోవాళ్లకి ఇస్తావా" అన్నాను. దాన్ని తిరగేసి చూడలేదు, రంగు చూడలేదు. పెరట్లో సిమెంటు తొట్టి నిండా వేణ్ణీళ్లు పోసి, గుప్పెళ్లతో చాకలి సోడా వేసి, రాత్రంతా నానబెట్టాను. ఎంత నానితే అంత మురికి వదులుతుందని నా తెలివి.

తెల్లారి వెళ్లి చూస్తే తొట్టిలో నీళ్లు పారాణి కలిపినట్టున్నాయి. తెల్లపువ్వులన్నీ గులాబీ రంగు. ఉన్నికి రంగు పులుపులో పడుతుంది చిట్టీ, సోడాలో వదిలేస్తుంది. వేడి తోడైతే ఇంకా తొందరగా. ఈ మాట నాకు తర్వాత ఒక అద్దకం పనివాడు చెప్పాడు. అప్పుడే బయటికి తీసి చల్లటి నీళ్లు ధారగా పోసి, వెనిగర్ కలిపిన నీళ్లు పట్టించి ఉంటే కొంతైనా మిగిలేదేమో. నేనేం చేశానో తెలుసా? తెల్లపంచెలకి వాడే బ్లీచింగ్ నీళ్లు తెచ్చి, బ్రష్‌తో పువ్వు పువ్వుకీ రాశాను. ముందు తెలుపు తేలింది. అబ్బ, గండం గడిచిందనుకున్నాను. ఇంకాసేపటికి ఆ తెలుపు పసుపైంది. వేలితో తాకితే జిగట. బెండకాయ కోస్తే చేతికి అంటుకుంటుందే, అలా. ఇంకాస్త రుద్దితే ఉన్ని ఊడి చేతికొచ్చింది, కింద నూలు పడుగు బయటపడింది. బ్లీచింగ్ ఉన్నిని తినేస్తుంది. మనిషి వెంట్రుకని తిన్నట్టే.

అప్పటికైనా ఎవరినైనా పిలవాలా? సిగ్గు. ఒక్కణ్ణే దాన్ని మేడ మీదికి మోసుకెళ్లి పిట్టగోడ మీద వేశాను. తడి తివాచీ బరువు నీకు తెలీదు, మనిషిని మోసినట్టు ఉంటుంది. ఆ సాయంత్రం వాన. మర్నాడూ వాన. మూడో రోజుకి ముక్కు దగ్గర పెట్టుకోలేకపోయాం. దించుదామని మడిస్తే, పిట్టగోడ అంచు తగిలినచోట పడుగు పటపటమని తెగింది. ఆ చప్పుడు ఇప్పటికీ వానాకాలంలో గుర్తొస్తుంది.

మీ నాన్న వాళ్లు టెంట్‌హౌస్ నుంచి తెచ్చిన జంపఖానా మీద కూర్చున్నారు. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేది. నెల తర్వాత బాగున్న మూల చూసి కత్తిరించి, చుట్టూ బట్ట కుట్టి పూజలో ఆసనం చేసుకుంది. "ఉన్నికి మైల లేదురా, మంచిదే అయింది" అంది. చివరిదాకా దాని మీదే కూర్చుంది. అది ఇప్పుడు నా దగ్గరుంది.

నీ దగ్గరున్నది రెండోది. అర్థమైందా నేనెందుకింత కంగారు పడుతున్నానో?

సరే, ఇప్పుడు చెయ్యాల్సింది. ఇవాళ రాత్రే వంటింట్లో సింకు దగ్గర నిలబడి, కుచ్చు కాకుండా లోపలి ఉన్ని పోగు ఒక్కటి పీకి అగ్గిపుల్లతో అంటించు. జుట్టు కాలిన వాసన వస్తే ఉన్ని. కరిగి పూసలా గట్టిపడితే ప్లాస్టిక్. అమ్మమ్మది ఉన్నేనని నాకు తెలుసు, నీ చేత్తో నువ్వు చూస్తే ఇంకొకడు వచ్చి చెప్పినప్పుడు మోసపోవు. తర్వాత తెల్ల జేబురుమాలు చల్లటి నీళ్లలో తడిపి పిండి, ఒక మూల ఎరుపు మీద పరిచి, పైన నీళ్లు నింపిన స్టీలు గ్లాసు పెట్టు. పది నిమిషాలాగి తీసి చూడు. నీలం మీద కూడా అంతే. రుమాలుకి గులాబీ ఛాయ అంటిందంటే నానబెట్టి ఉతికే మాటే ఎత్తకు. అంటకపోయినా సంబరపడకు. ఉతికేవాడు తన సబ్బునీళ్లతో మళ్లీ నీ ఎదురుగా ఇదే పరీక్ష చెయ్యాలి. చెయ్యనంటే తివాచీ చుట్టేసి ఇంటికి తెచ్చేసుకో.

దీన్ని ఇంట్లో ఉతికించకూడదు. గదిలో తివాచీని కడిగి సబ్బు పూర్తిగా పోగొట్టడం అయ్యే పని కాదు, మిగిలిన సబ్బుకి మళ్లీ మట్టి అంటుకుంటుంది. గుండ్రంగా తిరిగే బ్రష్ మిషన్ ఉన్నిని చింపిరిజుట్టు చేసేస్తుంది. చేతినేత తివాచీలు కడిగే చోటుకి నువ్వే వెళ్లి చూడు. ముందు దుమ్ము ఎలా తీస్తారని అడుగు. వెనకవైపు నుంచి కొట్టి, మట్టంతా రాలగొట్టాకే నీళ్లు తగలనివ్వాలి. అడుగున చేరిన ఇసుక కత్తిలా పోగుల్ని కోస్తుంది, అది తడిస్తే బురదవుతుంది. చల్లటి నీళ్లు, ఉన్నికని తయారైన సబ్బు, పోగులు వాలే వైపుకే చెయ్యి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. కుచ్చులు తెల్లగా మెరిపిస్తామంటారు, ఒప్పుకోకు. ఆ మెరుపు బ్లీచింగే. కుచ్చు తెగితే ముడులు జారడం మొదలవుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఎక్కడ ఆరబెడతారు? ఇది శ్రావణం. నీళ్లు లాగే మిషన్ ఉందా, పైన కప్పు ఉందా, పెద్ద ఫ్యాన్లు ఉన్నాయా కళ్లతో చూడు. ఒక రోజులో ఆరాలి. మేడ మీద వేస్తామంటే నాకు ఫోన్ చెయ్, నేను మాట్లాడతాను. ఇంటికొచ్చాక వేళ్లు పోగుల అడుగుదాకా పెట్టి చూడు, చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. తడిగా ఉన్నప్పుడు గొర్రె వాసన వస్తుంది, దానికి భయపడకు. ముక్కవాసన వస్తే మాత్రం డబ్బులివ్వకు.

ఇంత చేసేవాడు గృహప్రవేశం లోపు దొరక్కపోతే ఉతికించనే వద్దు. వాన తెరిపిచ్చిన పూట వెనకవైపు పైకి పెట్టి కాసేపు ఎండ చూపించి, మెల్లగా దులిపి, పరిచెయ్. ఉతక్కపోతే కాస్త మాసి కనిపిస్తుంది, అంతేగా. వచ్చినవాళ్లలో ఎవరు వంగి చూస్తారు?

పురుగు సంగతి మర్చిపోయాను. ట్రంకులో ఇన్నాళ్లు ఉంది కదా, మడతల్లో ఇసకలాంటి పొట్టు గానీ, సన్నటి సాలెగూడు గొట్టాలు గానీ ఉన్నాయేమో టార్చి వేసి చూడు. ఉంటే ఉతికేవాడికి ముందే చెప్పు. ఇకముందు మడిచి పెట్టకు, పాత నూలుచీరలో చుట్టగా చుట్టి పెట్టు. ప్లాస్టిక్ కవరు వద్దు.

నువ్వు పదేళ్లప్పుడు దాని మీద బోర్లా పడుకుని పువ్వుల్లో రంగులు లెక్కపెట్టేదానివి. ఏడు అనేదానివి, నేను ఆరే అనేవాణ్ణి. ఆ ఏడోది ఏమిటో ఎప్పుడూ చూపించలేదు.

వెనకవైపు ఫోటో ఇవాళే పెట్టు. ఎరుపు ఉన్న మూల దగ్గరగా తీయి. అత్తయ్య గృహప్రవేశానికి గోంగూర పచ్చడి తెస్తానంటోంది. ఆ జాడీని తివాచీ దరిదాపుల్లో దించనివ్వకు, నేను చెప్పానని మాత్రం అనకు.

ఇట్లు,
మావయ్య