ప్రశ్నలూ జవాబులూ: ‘తలుపు తియ్యి’ అంటే అర్థం కాలేదంది

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి, అందుకని మిగతావాటిని వచ్చే సంచికకి జరిపి ఈ మూడే తీసుకుంటున్నాను. విషయం టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్. బొమ్మలుండవు. ‘నువ్వొక చీకటి గదిలో ఉన్నావు, ఉత్తరాన ఒక తలుపు ఉంది’ అని తెర మీద అక్షరాలు వస్తాయి, మనం ‘దీపం తీసుకో’, ‘ఉత్తరం వైపు వెళ్ళు’ అని టైప్ చేస్తే కథ ముందుకి నడుస్తుంది. అంతే ఆట.

ప్రశ్న: సార్, మేం నలుగురం కలిసి సెమిస్టర్ ప్రాజెక్టుగా తెలుగులో ఒక టెక్స్ట్ అడ్వెంచర్ గేమ్ చేశాం, పైథాన్‌లో. పాడుబడ్డ లైట్‌హౌస్‌లో చిక్కుకున్న మనిషి పైదాకా ఎక్కి దీపం వెలిగించి, వస్తున్న ఓడని కాపాడాలి, అదీ కథ. మొదట 40 గదులు అనుకున్నాం, 11 దగ్గర ఆగిపోయాం. డెమో రోజు వేరే బ్యాచ్ అమ్మాయి ఆడింది. మొదటి తలుపు దగ్గరే పదిహేను నిమిషాలు ఇరుక్కుపోయింది. ‘తలుపు తియ్యి’ అంటే ‘నాకు అర్థం కాలేదు’ అని వస్తోంది, ఎందుకంటే మేం కోడ్‌లో ‘తెరువు’ అని మాత్రమే రాశాం. మాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇప్పుడు ప్రాజెక్టు మీద రిఫ్లెక్షన్ రిపోర్ట్ ఇవ్వమన్నారు, రెండు మూడు పేజీలు. ‘టీమ్‌వర్క్ నేర్చుకున్నాం, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్చుకున్నాం’ అని రాసి ఇచ్చేద్దాం అంటున్నారు మావాళ్ళు. ఫెయిలైన ప్రాజెక్టు గురించి నిజంగా ఏం రాయాలి సార్?
– ఇంజనీరింగ్ రెండో సంవత్సరం విద్యార్థిని

జవాబు: ముందు ఆ టీమ్‌వర్క్ వాక్యం కొట్టెయ్యమ్మా. వంతెన డిజైన్ చేసిన బ్యాచ్ కూడా అదే రాస్తుంది, రోబో చేసిన బ్యాచ్ కూడా అదే రాస్తుంది, దిద్దే మనిషి దాన్ని ఆ రోజుకి నలభయ్యోసారి చదువుతూ ఉంటారు.

రాయాల్సింది నీ ఉత్తరంలోనే ఉంది. పదిహేను నిమిషాలు అన్నావు చూడు, ఆ పదిహేను నిమిషాల్లో ఆ అమ్మాయి ఏమేం టైప్ చేసింది? ఎక్కడైనా సేవ్ అయిందా? అయితే ఆ ఫైల్ ప్రింట్ తీసి నలుగురూ ముందేసుకుని కూర్చోండి. కాకపోతే ఇప్పుడైనా మించిపోయింది లేదు, ఆటగాళ్ళు కొట్టిన ప్రతి మాటా ఒక ఫైల్లోకి (దీన్నే లాగ్ అంటారు) వెళ్ళేలా రెండు లైన్ల కోడ్ చేర్చి, ఆట గురించి ఏమీ తెలియని ముగ్గురిని కూర్చోబెట్టి ఆడించండి. మీరు పక్కనే ఉండండి కానీ నోరు విప్పకండి. ఇది అనుకున్నంత తేలిక కాదు. ‘అబ్బా, పక్కనే ఉంది కదా తాళంచెవి’ అని అరవాలనిపిస్తుంది, నేనైతే ఒకసారి ఆగలేక లేచి బయటికి వెళ్ళిపోయాను.

ఇప్పుడు ఆ తలుపు సంగతి. మీరు ‘తెరువు’ అని ఎందుకు రాశారు? నా అనుమానం ఏంటంటే కోడ్ రాసేటప్పుడు తలలో ఇంగ్లిష్ ‘ఓపెన్’ తిరుగుతోంది, దానికి పుస్తకంలో మాట తెచ్చి పెట్టారు. మనుషులు తలుపు తీస్తారు. సరే, ‘తియ్యి’ కూడా చేర్చేద్దాం అనుకుంటే అసలు తమాషా అప్పుడు మొదలవుతుంది. తలుపు తియ్యి అంటే తెరవడం. గోడలో మేకు తియ్యి అంటే పీకడం. పెట్టెలోంచి తాళంచెవి తియ్యి అంటే చేతిలోకి తీసుకోవడం. టోపీ తియ్యి అంటే తల మీంచి దించడం. ఒకే క్రియ, నాలుగు పనులు, ఏది చెయ్యాలో పక్కనున్న వస్తువుని బట్టి తేలాలి. అలాగే ‘దీపం పెట్టు’ అంటే వెలిగించమని, ‘దీపం బల్ల మీద పెట్టు’ అంటే వెలిగించమని కాదు. మీ కథే దీపం గురించి! పైదాకా ఎక్కిన మనిషి ఆఖరి గదిలో ‘దీపం పెట్టు’ అని కొడితే మీ ఆట ఏం చేస్తుందో ఒకసారి చూడు. చేతిలో ఉన్నదాన్ని కింద పెట్టేస్తుందేమో, ఓడ మునిగినట్టే.

ఈ ఇబ్బంది మీకొక్కరికే వచ్చిందని అనుకోకండి. ఈ రకం ఆటలకి మూలపురుషుడు ‘అడ్వెంచర్’ అనే ఆట, 1975-76 ప్రాంతంలో విల్ క్రౌథర్ రాస్తే 1977లో స్టాన్‌ఫోర్డ్‌లో డాన్ వుడ్స్ దాన్ని బాగా పెంచాడు. అది రెండు మాటల ఆజ్ఞలు మాత్రమే తీసుకునేది, అందులోనూ ప్రతి మాటలో మొదటి 5 అక్షరాలే చూసేది. ఎందుకంటే అది నడిచిన పీడీపీ-10 యంత్రం మెమరీలో ఒక్కో గడిలో 36 బిట్లు (సున్నాలో ఒకట్లో) పట్టేవి, అక్షరానికి 7 చొప్పున అయిదు అక్షరాలు పట్టి ఒక బిట్ మిగిలేది. ఇంగ్లిష్‌కి నడిచిపోయింది. అదే కిటుకు తెలుగులో వాడి చూడు. ‘స్త్రీ’ అనేది మన కంటికి ఒక్క అక్షరం, యూనికోడ్‌లో అంటే కంప్యూటర్ అక్షరాలు దాచుకునే పద్ధతిలో, అది 6 సంకేతాలు, అయిదు దగ్గర కోస్తే గుడిదీర్ఘం ఎగిరిపోయి ‘స్త్ర’ మిగులుతుంది. ఇంకా విభక్తులున్నాయి. ‘తలుపు’ అంటారు, ‘తలుపుని’ అంటారు, ‘తలుపును’ అంటారు. దీపం ‘దీపాన్ని’ అయిపోతుంది, అంటే చివర్లో ప్రత్యయం కత్తిరిస్తే సరిపోదు, మాటే మారిపోయింది. కొన్ని కీబోర్డులు ‘స్విచ్’ లాంటి మాటల చివర కంటికి కనిపించని ఒక సంకేతం వదులుతాయి, తెర మీద రెండూ ఒకేలా ఉంటాయి, కంప్యూటర్ మాత్రం ఇవి వేరు వేరు మాటలు పొమ్మంటుంది. మీ లాగ్‌లో ‘సరిగ్గానే కొట్టాను కదా, ఎందుకు తీసుకోవట్లేదు’ అనిపించే లైన్లు కనిపిస్తే ముందు అక్కడ వెతకండి. మనకి కలిసొచ్చే సంగతి కూడా ఒకటుంది, తెలుగు వాక్యంలో క్రియ చివరికి వస్తుంది, కాబట్టి ఆఖరి మాట క్రియ అనుకుని, దాని ముందున్నవాటిలో వస్తువుని వెతికితే చాలా మటుకు పని జరిగిపోతుంది. ఎక్కడ జరగదో అది రిపోర్టులో రాయండి.

నేనైతే రిపోర్ట్ ఇలా మొదలుపెడతాను: తలుపు దగ్గర ఆ అమ్మాయి కొట్టిన లైన్లు ఉన్నవి ఉన్నట్టు, తప్పులతో సహా. తర్వాత వాటిలో ఎన్నిటికి ‘నాకు అర్థం కాలేదు’ అని వచ్చిందో లెక్క. మీరు లైట్‌హౌస్ గురించి ఎంత అందంగా రాసుకున్నా ఆటలో ఎక్కువసార్లు కనిపించిన వాక్యం బహుశా అదే అయ్యుంటుంది. మరి దాని మీద ఎంతసేపు కూర్చున్నారు? వస్తువు తెలిసి క్రియ తెలియకపోతే ‘తలుపు ఉంది, దాన్ని ఏం చెయ్యమంటున్నావో తెలియలేదు’ అనొచ్చు, క్రియ తెలిసి వస్తువు లేకపోతే ‘ఇక్కడ తాళంచెవి లేదు’ అనొచ్చు. అలా మార్చి, మళ్ళీ ఇంకొకరితో ఆడించి, రెండో లాగ్ పక్కన పెట్టండి. పేజీన్నర నిండింది కదా.

మిగతా పేజీన్నర 40 ఎందుకు 11 అయ్యిందో చెప్పడానికి. ఇందులో సిగ్గుపడేది ఏమీ లేదు, ఎంఐటీలో కొందరు 1977లో మొదలుపెట్టిన ‘జోర్క్’ అనే ఆట అప్పటి ఇంటి కంప్యూటర్లలో పట్టక మూడు ముక్కలైంది, మొదటి ముక్క 1980లో వచ్చింది. కానీ వాళ్ళకి యంత్రం చిన్నదైంది, మీకు చిన్నదైంది ఏంటి? కోడ్ చూడకుండా చెప్పడం సాహసమే, అయినా చెప్తాను: గది గదికీ ‘ఇఫ్’ల మీద ‘ఇఫ్’లు, అంటే ‘ఇలా ఉంటే అలా చెయ్యి’ అనే షరతులు, రాసుకుంటూ పోయి ఉంటారు. తలుపు తెరిచి ఉందా, దీపం చేతిలో ఉందా, నూనె పోశామా, ఇలాంటి అవును-కాదు సంగతులు 10 ఉంటే 1,024 పరిస్థితులు తయారవుతాయి, ప్రతిదానికీ చేత్తో జవాబు రాయాలంటే ఏ నలుగురి వల్లా కాదు. గదులూ దారులూ వస్తువులూ ఒక పట్టికలో డేటాగా పెట్టుకుని, ఆజ్ఞలన్నిటికీ ఒకే కోడ్ నడిచేలా రాసుకుంటే పన్నెండో గది పది నిమిషాల పని. అది మీకు ఏ వారంలో తట్టింది, తట్టాక మొత్తం తిరగరాద్దామా వద్దా అని ఎవరు ఏమన్నారు, చివరికి ఏ గదులు వదిలేశారు? గదుల్ని వదిలేసినందుకు ఎవరికి బాధేసింది? ఇవన్నీ రాయండి. ఫెయిల్ అన్న మాట మాత్రం మీరు వాడకండి, అవసరమైతే దిద్దేవాళ్ళు వాడతారు.

ప్రశ్న: మా అబ్బాయి కాలేజీలో బొమ్మలు లేని గేమ్ ప్రాజెక్టుగా ఇచ్చారట. ఇన్ని గ్రాఫిక్స్, ఇంత టెక్నాలజీ వచ్చాక యాభై ఏళ్ళ నాటి ఆట చేయించడం టైమ్ వేస్ట్ కాదా? వాడు రాత్రిళ్ళు నిద్ర మానుకుని కథ రాస్తున్నాడు, కోడింగ్ తక్కువ, రాత ఎక్కువ కనిపిస్తోంది. మాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తండ్రి

జవాబు: పైన చెప్పిన క్రౌథర్ కూడా తండ్రేనండీ. కెంటకీలోని మామత్ గుహల్లో తిరిగి మ్యాపులు వేసిన మనిషి. విడాకుల తర్వాత కూతుళ్ళకి దూరమైనట్టనిపించి వాళ్ళ కోసం ఆ ఆట రాశాడు, కంప్యూటర్ తెలియనివాళ్ళు బెదరకుండా ఉండాలని మామూలు మాటలతో నడిచేలా పెట్టాడు. ఆ గుహలు చూసినవాళ్ళు ఆటలో కొన్ని చోట్లని గుర్తుపట్టగలరు.

పాతదన్న మాట నిజమే, చచ్చిపోయినది మాత్రం కాదు. ఇలాంటి ఆటలకి 1995 నుంచి ఏటా పోటీ జరుగుతోంది. ఇన్‌ఫామ్ అని ఇలాంటి ఆటలు రాసుకునే సాఫ్ట్‌వేర్ ఉంది, దాని 2006 నాటి వెర్షన్ నుంచి కోడ్ దాదాపు ఇంగ్లిష్ వాక్యాల్లా ఉంటుంది. టైప్ చేసే బదులు లింకులు నొక్కుతూ చదివే కథల కోసం 2009లో ట్వైన్ వచ్చింది. చూపు లేనివాళ్ళు తెర చదివే సాఫ్ట్‌వేర్‌తో హాయిగా ఆడుకోగలిగే ఆటలివి, బొమ్మల ఆటల్లో ఆ వీలు తక్కువ.

చదువు సంగతికొస్తే, గ్రాఫిక్స్ గేమ్ ఇస్తే పిల్లలు సగం సెమిస్టర్ పాత్రకి చొక్కా రంగు ఎంచుకోవడంలో గడిపేస్తారు, చూశాను కాబట్టే చెప్తున్నాను. ఇక్కడ దాక్కోవడానికి ఏమీ ఉండదు. ఎదుటి మనిషి ఏం అనుకుంటాడో ముందే ఊహించాలి, ఊహించనిది వస్తే మర్యాదగా తట్టుకోవాలి. రేపు వాడు ఏ సాఫ్ట్‌వేర్ రాసినా ఈ రెండూ చెయ్యాలి. రాత ఎక్కువైందని కంగారుపడకండి. నిద్ర మానుకోవడం మాత్రం బాలేదు, అది మీరు చూసుకోండి.

ప్రశ్న: నేను ఇలాంటి ప్రాజెక్టులు దిద్దే లెక్చరర్‌ని. నలుగురి గ్రూపులో ఒకరు కోడ్ మొత్తం రాస్తారు, ఒకరు ‘కథ’ అంటారు, మిగిలిన ఇద్దరూ ఏం చేశారో దేవుడికే తెలియాలి. రిఫ్లెక్షన్ రిపోర్టులు చూస్తే అన్నీ ఒకే చాట్‌బాట్ రాసినట్టున్నాయి. మార్కులు ఎలా వెయ్యను?
– అధ్యాపకురాలు

జవాబు: మేడమ్, ‘ఏం నేర్చుకున్నారు’ అని అడిగినంత కాలం అవే జవాబులు వస్తాయి, చాట్‌బాట్ లేని రోజుల్లో సీనియర్ల రికార్డులు ఆ పని చేసేవి. వాళ్ళు ఆడించిన ఆటల లాగ్‌లు రిపోర్టుకి జత చెయ్యమనండి. ఆ తర్వాత ఒక్కొక్కరినీ విడిగా పిలిచి లాగ్‌లో ఒక లైన్ మీద వేలు పెట్టి, ఇక్కడ ఆటగాడు ఎందుకు ఇలా కొట్టాడు, దీని వల్ల మీరేం మార్చారు అని అడగండి. ఆడించేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు వెంటనే చెప్తారు, కోడ్ ఒక్క లైన్ రాయకపోయినా సరే. కూర్చోనివాళ్ళు ఎలా తడుముకుంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

‘కథ’ రాసినవాళ్ళని తక్కువగా చూడకండి, అలాగని వదిలెయ్యకండి కూడా. ఈ ఆటల్లో వర్ణన అంటే మాట ఇవ్వడమే. ‘మూల కిటికీలోంచి సముద్రపు హోరు వినిపిస్తోంది’ అని రాస్తే ఆటగాడు కిటికీ చూస్తాడు, కిటికీ తీస్తాడు, కిటికీలోంచి దూకుతాడు, హోరు వింటాడు. ఆ నాలుగింటికీ ఆట ఏదో ఒకటి అనాలి. వర్ణనలో ఎన్ని వస్తువులు పేర్కొన్నారు, వాటిలో ఎన్నిటికి ఆట బదులిస్తోంది అని లెక్కపెట్టి అడగండి. మంచి రచయిత అయితే కొన్ని నామవాచకాలు కావాలనే కొట్టేసి ఉంటారు, ఏవి కొట్టేశారో, ఎందుకో చెప్పమనండి.

దారుల్ని కూడా ఒకసారి చూడండి, ఉత్తరం వైపు వెళ్ళిన మనిషి దక్షిణం అంటే వెనక్కి రాగలగాలి, సగం ప్రాజెక్టుల్లో రాలేడు. ఇంకో చిన్న పరీక్ష, నాకు బాగా ఇష్టమైనది. మొదటి గదిలో తాళంచెవి తీసుకుని నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి సముద్రంలోకి విసిరెయ్యండి. కొన్ని ఆటలు విసరనివ్వవు. కొన్ని విసరనిచ్చి, ఇక గెలవలేవని అప్పుడే చెప్తాయి. కొన్ని ఏమీ చెప్పకుండా మిమ్మల్ని ఇంకో గంట గదుల్లో తిప్పుతాయి, ఈ మూడో రకాన్ని అనుభవజ్ఞులు క్రూరమైన ఆట అంటారు. మీ విద్యార్థులది ఏ రకమో చూసి, అది తెలిసే చేశారా అని అడగండి. ‘అయ్యో, విసిరెయ్యొచ్చని మాకు తట్టలేదు మేడమ్’ అని నలుగురూ ఒక్కసారే అంటే మాత్రం కొంచెం మార్కులు వెయ్యండి, కనీసం ఆ మాట చాట్‌బాట్ రాసింది కాదు.