ఫ్లెక్సీ రాడ్‌లతో చుట్టిన జుట్టు రింగులు ఎందుకు నిలవవు?

రాత్రి జుట్టుకు ఫ్లెక్సీ రాడ్‌లు (ఎటు వంచితే అటు వంగే మెత్తని స్పాంజి కడ్డీలు) చుట్టుకుని పడుకుంటే, పొద్దున తీసేసరికి సగం రింగులు జారిపోయి, మిగతావి చింపిరిగా లేస్తున్నాయని అడిగారు. చాలావరకు తప్పు రాడ్‌ది కాదు, తడిది.

వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రొటీన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు నీళ్లు తగిలితే వదులవుతాయి. ఆరేటప్పుడు వెంట్రుక ఏ వంపులో ఉంటే ఆ వంపులోనే మళ్లీ బిగుసుకుంటాయి. వేడి లేకుండానే రింగు వచ్చేది ఇందుకే. లోపల కాస్త చెమ్మ ఉండగానే రాడ్ తీస్తే మాత్రం ఆ వంపు నిలవదు.

యూట్యూబ్‌లో నల్లజాతి అమ్మాయిలు తడిజుట్టుకే మూస్ (జుట్టుకు రాసే నురుగు) రాసి చుట్టడం చూసి మనవాళ్లూ అలాగే చేస్తారు. వాళ్ల జుట్టు సహజంగానే బిగుతైన చుట్టలు తిరిగి ఉంటుంది, తడిమీద సాగదీసి చుడితే నున్నగా వస్తుంది. మన తిన్నని, ఒత్తయిన జుట్టు అంత తడిగా చుడితే తెల్లారినా ఆరదు. ముప్పావు వంతు ఆరాక చుట్టండి. ఆ రోజు కొబ్బరినూనె జోలికి పోవద్దు, పాయ జారిపోతుంది.

పాయ కొస రాడ్‌కు పూర్తిగా అతుక్కునేలా పట్టుకుని, కొస నుంచి మాడు వైపు చుట్టి, రాడ్ రెండు చివరలూ మడిచేయండి. కొస వంకరగా బయటికొస్తే చీపురుపుల్లలా నిలబడుతుంది. సన్నని రాడ్‌కు చిన్న రింగులు, లావుదానికి అలలు. తీసేటప్పుడు లాగకండి, చుట్టిన దిక్కుకు ఎదురుగా తిప్పండి.

వానాకాలంలో, విశాఖలాంటి ఉక్కపోత ఊళ్లలో రింగులు సాయంత్రానికే వదులవుతాయి. గాలిలో తేమ కూడా నీళ్లే మరి.