సబ్బుల కోసం పది మేకలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. రెండు పాడి మేకలున్నాయి. ఏడాదిగా మేకపాలతో ఇంట్లోనే సబ్బులు చేసి, తెలిసిన టీచర్లకు, చుట్టాలకు నెలకు 80 దాకా అమ్ముతున్నాను. ఒక్కోదానికి 25 రూపాయల ఖర్చు, 60కి ఇస్తున్నాను. నాలుగు తులాల బంగారం కుదువబెట్టి 2 లక్షలు తెచ్చి, పది మేకలు కొందామనుకుంటున్నాను. మా ఇంటాయన వద్దంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నల్లగొండ జిల్లా

జవాబు: ఈసారికి మీ ఇంటాయన మాటే వినండి. ముందు పాల లెక్క చూద్దాం. కిలో నూనెకు పట్టే పాలు 300 మిల్లీలీటర్లకు అటూ ఇటూ. అంటే లీటరు పాలకు మూడు కిలోల పైచిలుకు నూనె పడుతుంది. ఆరాక వంద గ్రాముల సబ్బులు 40 దాకా వస్తాయి. మీరు అమ్మే 80 సబ్బులకు నెలంతా కలిపి కావాల్సింది రెండు లీటర్లే! మీ రెండు మేకలూ ఆ పాలు కొన్ని రోజుల్లోనే ఇస్తాయి. మీకు కొరత పాలది కాదు, కొనేవాళ్లది. మేకల మీద మనసుంటే కొనండి, కానీ పిల్లలను పెంచి అమ్ముకునే లెక్కతో కొనండి. బక్రీద్ ముందు పోతుకు ఏం ధర పలుకుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. దాన్ని మాత్రం సబ్బుల ఖాతాలో కలపకండి.

ఇక వడ్డీ. నూటికి రూపాయి అనుకున్నా 2 లక్షలకు నెలకు 2,000. ఇప్పుడు మీకు మిగిలేది 80 సబ్బుల మీద 2,800. అందులో మీ కూలి వేసుకున్నారా? నూనె కరిగించడం, కలపడం, కోయడం, చుట్టడం కలిపి నెలకు నాలుగు రోజులనుకోండి. రోజుకు 400 వేసినా 1,600 పోతుంది. మిగిలిన 1,200తో 2,000 వడ్డీ ఎట్లా కడతారు?

సబ్బుల్లో డబ్బు ఇరుక్కునేది అల్మారాలో. ఇవాళ పోసిన సబ్బు ఆరి చేతికొచ్చేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. నూనె కొట్టువాడు అన్నాళ్లు ఆగడు. నెలకు 300 సబ్బులకు పెంచారనుకుందాం. వారానికి 75, ఆరు వారాలకు 450. 25 చొప్పున 11,250 రూపాయలు ఎప్పుడూ అల్మారాలోనే ఆరుతుంటాయి. దుకాణాలకు అరువిస్తే ఇంకో పది వేలు. అచ్చులు, తూకం మిషన్, పాలు గడ్డ కట్టించడానికి పాత ఫ్రిజ్ ఒకటి. అన్నీ కలిపినా 50 వేలు దాటదు. అది మహిళా పొదుపు సంఘంలో అప్పుగా దొరుకుతుంది. లేదా బ్యాంకులో ముద్ర శిశు రుణం అడగండి, 50 వేల వరకు తాకట్టు అక్కర్లేదు. బంగారం జోలికి పోవద్దు.

ఫ్రిజ్ అనవసర ఖర్చు అనుకోకండి. మీరు పంపిన సబ్బు చూశాను, నురగ బాగుంది, కానీ ఒక మూల ముదురు గోధుమ రంగు తిరిగింది. కాస్టిక్ సోడా వేడికి పాలలోని చక్కెర మాడితే అట్లా అవుతుంది. పాలను ఐసుముక్కలు చేసుకుని, వాటి మీద సోడాను కొద్దికొద్దిగా వేస్తే వేడి అదుపులో ఉంటుంది. ఒక్క విడత పాడైతే పోయేది ఆ నెల లాభమే.

అప్పుకంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. ఇంట్లో వాడుకుంటే అడిగేవారు లేరు. అమ్మాలంటే మాత్రం ఒంటిసబ్బు కాస్మెటిక్స్ కిందికి వస్తుంది, 2020 నాటి నిబంధనల ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ లైసెన్స్ కావాలి. సొంత షెడ్డు లేనివాళ్లు లైసెన్సున్న వేరే యూనిట్‌లో చేయించుకోవడానికి ‘లోన్ లైసెన్స్’ అని ఒకటుంది. పేరు చూసి బ్యాంకుకు వెళ్లకండి, దానికీ అప్పుకూ సంబంధం లేదు! లైసెన్స్ ఖర్చెంతో కనుక్కున్నాకే అప్పు ఎంత కావాలో తేల్చుకోండి.

మీ సబ్బు కాగితం మీద ‘గజ్జి, తామర తగ్గును’ అని ఉంది. ఆ ముక్క ఇవాళే కొట్టేయండి. రోగం తగ్గిస్తుందని రాస్తే దాన్ని సబ్బుగా చూడరు, మందుగా చూస్తారు. అప్పుడు అడిగే లైసెన్స్ వేరు.