చక్రాలు గోడౌన్‌లో పెట్టి తాళం వేస్తే చదువు రాదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. నూనెలు, పప్పుల హోల్‌సేల్ దుకాణం. మా బాబుకి 18 దాటాయి, ప్లస్ టూ అయింది. రెండేళ్లుగా సైకిల్ రేసులంటూ నాలుగింటికే లేచి వెళ్లిపోతాడు, క్లాసులో కునికిపాట్లు పడతాడు. మార్కులు తగ్గాయని చక్రాలు రెండూ విప్పి గోడౌన్‌లో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు బీటెక్ వద్దంటున్నాడు. వేరే ఊళ్లో ఏదో అకాడమీలో ఉండి పూర్తిగా సైక్లింగే చేస్తాడట, డిగ్రీ దూరవిద్యలో కడతాడట. రెండున్నర లక్షల కార్బన్ సైకిల్ కూడా కావాలట. మా ఊరికి రైల్వే డివిజన్ వచ్చింది కదా, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం వస్తుందా? బీటెక్, అకాడమీ, రెండిట్లో ఏది మేలు?

జవాబు: పర్లాకిమిడి నుంచి జయపురం దాకా మన తెలుగు ఇళ్లలో ఇదే ప్రశ్న. ఆట పేరు మారుతుంది, అంతే. మీరు అడిగింది బీటెక్కా, అకాడమీయా అని. మీ భయం మాత్రం పిల్లాడు రెంటికీ చెడ్డ రేవడ అవుతాడేమోనని. ముందు ఆ భయం సంగతి చూద్దాం. 18 ఏళ్ల కుర్రాడు నాలుగింటికి ఎవరూ లేపకుండా లేస్తున్నాడంటే వాడు చెడిపోయే దారిలో లేడు. ఆ క్రమశిక్షణ కోసం వేలకు వేలు పోసి కోచింగ్ హాస్టళ్లలో పడేసే తల్లిదండ్రులు ఎంతమందో.

నా సలహా సూటిగా చెబుతాను. రెగ్యులర్ కాలేజీలో చేర్చండి, సైకిల్ మాన్పించకండి. ఇది ఇద్దరినీ బుజ్జగించడానికి చెప్పే మాట కాదు, దీనికి కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వ స్పోర్ట్స్ కోటాలో పతకం ఒక్కటే చూపిస్తే చాలదు, దానికి నిర్ణీత ఫారంలో సర్టిఫికెట్ కావాలి. అంతర్జాతీయ పోటీకి ఫారం 1, జాతీయ పోటీకి రాష్ట్ర సైక్లింగ్ సంఘం కార్యదర్శి ఇచ్చే ఫారం 2, అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి యూనివర్సిటీ క్రీడా విభాగం ఇచ్చే ఫారం 3, జాతీయ స్కూల్ గేమ్స్‌కి ఫారం 4. స్కూలు అయిపోయింది కాబట్టి నాలుగోది పోయినట్టే. దూరవిద్యలో కడితే మూడోదీ పోతుంది, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు రెగ్యులర్ విద్యార్థులకే. సైకిల్ కోసం కాలేజీ వదిలేస్తానంటున్నాడు గానీ, సైక్లిస్టుగా తనకున్న తలుపుల్లో ఒకటి తనే మూసుకుంటున్నాడు. ఈ మాట మీరు చెబితే వినడు. ఈ ఫారాల సంగతి వాడి చేతికిచ్చి చదివించండి.

నగరాల్లో ప్రైవేటు నిర్వాహకులు పెట్టే రేసుల పతకాలకూ, 200, 300 కిలోమీటర్ల బ్రెవే మెడళ్లకూ కోటాలో విలువ లేదు. బ్రెవే అసలు రేసే కాదు, 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో పూర్తి చేస్తే చాలు. సరదాకి తొక్కవచ్చు, దానికోసం సీజన్ పాడుచేసుకోకూడదు. మన సరిహద్దు పిల్లలు చేసే తప్పు ఇంకొకటుంది. ఉండేది ఒడిశాలో, ప్రాక్టీసుకీ స్నేహాలకీ విజయనగరం, విశాఖ. ఒక ఏడు ఇక్కడి ట్రయల్స్‌కి, మరుసటేడు అక్కడికి పరుగెడతారు. చదువూ ఆధార్ ఒడిశాలో ఉంటే ఒడిశా సంఘంలోనే పేరు నమోదు చేయించుకుని, అక్కడి సెలక్షన్ ట్రయల్స్‌కే వెళ్లాలి.

డివిజన్ కార్యాలయం ఊళ్లోకి వచ్చినంత మాత్రాన సైక్లిస్టుకి పోస్టు రాదు. ఏ ఏడాది ఏ ఆటకు ఎన్ని ఖాళీలన్నది ప్రకటన వచ్చాకే తెలుస్తుంది. వయసు 18 నుంచి 25, సడలింపు లేదు. అంటే మీవాడికి ఏడేళ్లు ఉన్నాయి. అందులో నాలుగేళ్లు కాలేజీలో గడిచినా నష్టం లేదు.

ఇక ఫుల్‌టైమ్ అకాడమీ. 2026 జనవరిలో పుణెలో అంతర్జాతీయ స్టేజ్ రేసు (రోజుకో దశగా కొన్ని రోజులు సాగేది) జరిగాక ఈ కోరిక చాలామంది పిల్లల్లో పెరిగింది. ఆ రేసు వచ్చినందుకు నాకూ సంతోషమే. కానీ విదేశీ జట్లలో జీతానికి తొక్కేవాళ్లు జూనియర్ వయసు నుంచే ట్రాఫిక్ ఆపిన రోడ్ల మీద ఏటా పదుల రేసులు తొక్కి వచ్చినవాళ్లు. గుంపులో భుజం భుజం రాసుకుంటూ మలుపు తిరగడం ఒంటరి ప్రాక్టీసులో రాదు, అకాడమీ గదిలో ట్రైనర్ (సైకిల్‌ని కదలకుండా నిలిపి తొక్కే యంత్రం) మీద అసలే రాదు. మన దేశానికి పేరొచ్చింది ఎక్కువగా రోడ్డు మీద కాదు, వెలోడ్రోమ్ (సైకిల్ పోటీలకే కట్టిన మైదానం) ట్రాక్ మీద. 2018లో జూనియర్ ప్రపంచ పోటీల్లో ఈసో ఆల్బెన్ రజతం, 2022లో ఢిల్లీ ఆసియా పోటీల్లో రొనాల్డో సింగ్ రజతం, రెండూ ట్రాక్ పతకాలే. కాబట్టి అకాడమీ వాళ్లను అడగాల్సినవి అడగండి. కోచ్ అర్హత ఏమిటి, పిల్లల్ని ఏ రాష్ట్ర సంఘం తరఫున దించుతారు, నిరుడు వాళ్ల పిల్లలు తెచ్చుకున్న ఫారం 2లు చూపిస్తారా, ఫీజుకి రసీదు ఇస్తారా. ‘సెలక్షన్ గ్యారంటీ’ అన్న మాట వినబడితే లేచి వచ్చేయండి.

వాడి స్థాయి తెలియాలంటే పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) ఉన్నచోట 20 నిమిషాలు పూర్తి శక్తితో తొక్కించండి. ఆ సగటులో 95 శాతాన్ని బరువుతో భాగించాలి. 62 కిలోల కుర్రాడికి 248 వాట్లు, అంటే కిలోకి 4 వాట్లు రాకపోతే జాతీయ రేసులో ముందు గుంపుతో ఉండటమే కష్టమని నా అంచనా. రెండు సీజన్లలో ఆ అంకె ఎటు కదులుతోందో చూస్తే మీకూ వాడికీ సమాధానం దొరుకుతుంది.

ఇప్పుడు మీతో కాస్త గట్టిగా మాట్లాడాలి. క్లాసులో నిద్ర సైకిల్ వల్ల అనుకున్నారు. మీ ఇంట్లో రాత్రి భోజనం ఎన్నింటికి? దుకాణం కట్టేసి మీరు వచ్చాక పదింటికి అందరూ కూర్చుంటే వాడు పడుకునేసరికి పదకొండు. నాలుగింటికి లేస్తే అయిదు గంటల నిద్ర. ఈ వయసులో తొక్కేవాడికి ఎనిమిది కావాలి. వాడికి ఏడున్నరకే వేరుగా పెట్టించండి, ఎనిమిదికి ఫోను హాల్లో ఉండాలి.

వారానికి 10 నుంచి 12 గంటలు చాలు. సోమవారం పూర్తి సెలవు. మంగళవారం ఎనిమిదేసి నిమిషాల పాటు గట్టిగా ఎత్తు ఎక్కడాలు నాలుగు, గురువారం ఇరవయ్యేసి నిమిషాలవి రెండు. ఆదివారం లక్ష్మీపూర్ వైపు కొండదారిలో నాలుగు గంటలు. మిగతా రోజులు మాట్లాడగలిగేంత తేలికగా తొక్కాలి. రోజూ గట్టిగా తొక్కడమే ఈ వయసు పిల్లల్ని దెబ్బతీస్తుంది, అలసట తీరక మార్కులూ వేగమూ రెండూ పడిపోతాయి. రెండు గంటల తొక్కుడికి 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. ఒకదాంట్లో 60 గ్రాముల పంచదార, పావు చెంచా ఉప్పు కలిపితే కొన్న పొడి అక్కర్లేదు. రాగానే చోడి (రాగి) అంబలి తాగించి, ఇడ్లీలతో పాటు మూడు గుడ్లు పెట్టండి. ఖాళీ కడుపుతో కాలేజీకి పరుగెడితే ఎవరికైనా కునుకొస్తుంది.

కార్బన్ సైకిల్ ఇప్పుడొద్దు. కిలోన్నర బరువు తగ్గితే 40 నిమిషాల ఎక్కుడులో మిగిలేది మహా అయితే 50 సెకన్లు, చదునులో దాదాపు ఏమీ లేదు. ఉన్న సైకిల్‌కే మంచి 28 ఎంఎం టైర్లు వేయించండి. చైన్ 0.5 శాతం సాగగానే మార్చాలి, లేకపోతే అది క్యాసెట్ (వెనక చక్రం గేర్ల) పళ్లని కూడా తినేస్తుంది. మిగిలిన డబ్బు రేసులకి రైలు టికెట్లకు ఉంచండి. రైల్లో వెళ్లేటప్పుడు డీరేలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేమ్‌కి పట్టి ఉంచే చిన్న ముక్క) ఒకటి అదనంగా పట్టుకెళ్లాలి. సైకిల్ పెట్టె కింద పడి అది వంగితే గేర్లు పడవు, ఆ మోడల్‌ది రేసు ఊళ్లో దొరకదు.

కాలేజీ ఎంచుకునేటప్పుడు, గుణుపూర్ అయినా బరంపురం అయినా, రెండు విషయాలు కనుక్కోండి. హాస్టల్ గేటు పొద్దున్న ఎన్నింటికి తీస్తారు, సైక్లింగ్ జట్టుని యూనివర్సిటీ పంపుతుందా. జట్టు లేకపోతే వీడొక్కడి పేరైనా పంపుతారేమో క్రీడాధికారిని అడగండి.

తాళం ఈ రోజే తీయండి. కానీ చక్రాలు తీసుకెళ్లి నేరుగా బిగించవద్దు. అవి నూనె డబ్బాల మధ్య ఉన్నాయి. డిస్క్ రోటర్ (చక్రానికి ఉండే బ్రేక్ పళ్లెం) మీద వేలి మరకంత నూనె తగిలినా బ్రేక్ పట్టదు, దిగుడు మలుపులో లారీ ఎదురయ్యాకే ఆ సంగతి తెలుస్తుంది. రోటర్లని మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రమైన గుడ్డ పెట్టి తుడిపించండి. తుడవకుండా ఒక్కసారి తొక్కినా నూనె బ్రేక్ ప్యాడ్లలోకి ఇంకుతుంది, అప్పుడు ప్యాడ్లు మార్చాల్సిందే. హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేక్ అయితే ఇంకోటి. చక్రం లేనప్పుడు ఎవరైనా బ్రేక్ నొక్కి ఉంటే ప్యాడ్లు దగ్గరకొచ్చి రోటర్ దూరదు. స్క్రూడ్రైవర్‌తో పొడవకుండా ప్లాస్టిక్ టైర్ లివర్‌తో మెల్లగా వెనక్కి నెట్టమనండి. టైర్లలో గాలి 65, 70 పీఎస్‌ఐ చాలు. పిల్లలు వంద దాటించేస్తారు, తడి ఘాట్ రోడ్డు మీద జారేది అందుకే. వెనక ఎర్ర దీపం వెలుగుతోందో లేదో మీరే దగ్గరుండి చూసి పంపించండి.