మా సేవా బృందానికి కింగ్స్ అవార్డు కోసం మేమే దరఖాస్తు చేసుకోవచ్చా?

లేదండి. ఇంగ్లండ్‌లో మీ ఊళ్లో ఉచిత భోజనం పెడుతున్న బృందం గురించి రాశారు. దానికి, బ్రిటన్ రాజు పేరిట సేవా బృందాలకు ఇచ్చే ‘కింగ్స్ అవార్డ్ ఫర్ వాలంటరీ సర్వీస్’ కావాలంటే అందులోని వాలంటీర్లు, ఉద్యోగులు, ట్రస్టీలు ఎవరూ పేరు పంపకూడదు. బయటివారే పంపాలి. బృందంలో పనిచేయని మరో ఇద్దరు సమర్థిస్తూ లేఖలు రాయాలి. నాకు ఈ నిబంధనే బాగా నచ్చింది.

ఎలిజబెత్ రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్లయిన స్వర్ణోత్సవాల సందర్భంగా 2002లో మొదలైన ఈ పురస్కారం హోదాలో, వ్యక్తులకు ఇచ్చే బ్రిటిష్ గౌరవ పురస్కారం ఎం.బి.ఇ.తో సమానం. అయితే ఇది బృందానిదే, ఏ ఒక్కరి పేరు వెనుకా అక్షరాలు చేరవు. డబ్బు కూడా రాదు.

వృద్ధులను సొంత కార్లలో ఆసుపత్రులకు తీసుకువెళ్లే మా బృందం పేరును, మేము తీసుకువెళ్లే ఒక పెద్దావిడ కూతురు పంపింది. ఎన్ని మైళ్లు తిరిగామో లెక్కలు ఇద్దామని మేము అనుకుంటే, ఆ అమ్మాయి వేరే సంగతి రాసింది: కళ్ల పరీక్షకు వెళ్లడమే మానేసిన తల్లి మళ్లీ ఎలా వెళ్లగలిగిందో, దారిలో కబుర్లు చెప్పే డ్రైవరు కోసం ఎలా ఎదురుచూసేదో. మాకు తెలియని విషయాలవి! ఒక క్లినిక్ ఉద్యోగి లేఖ కూడా అలాంటిదే. మీ పని ఆగిపోతే ఊరికి ఏం లోటో తెలిసినవారి చేత రాయించండి. పెద్దమనుషుల పొగడ్తలకంటే అదే బలం.

తర్వాత, కౌంటీలో రాజుగారి ప్రతినిధి అయిన లార్డ్ లెఫ్టినెంట్ తరఫున పరిశీలకులు వస్తారు. మా దగ్గర జమాఖర్చులు, బీమా, వృద్ధుల రక్షణకు తీసుకునే జాగ్రత్తలు అన్నీ చూశారు. కొత్తగా చేరిన వాలంటీర్లతోనూ విడిగా మాట్లాడారు. ఆ కాగితాలు ఇప్పటినుంచే సరిచేసుకోండి.

పేరు పంపాక ఫలితానికి చాలా కాలం పడుతుంది. రాజుగారి పుట్టినరోజు నవంబరు 14న ప్రకటిస్తారు. ఆయన సంతకంతో ప్రశంసాపత్రం, ఒక స్ఫటిక జ్ఞాపిక ఇస్తారు. మాకు ఎక్కువగా కలిసివచ్చింది ఊళ్లో పెరిగిన నమ్మకం. పదవీ విరమణ చేసినవారు కొందరు తామే వచ్చి, కారు నడుపుతామని అడిగారు.

మీ బృందానికి 3 ఏళ్లు నిండాయా? నిండకపోతే ఆగాలి. నిండితే, మీ దగ్గర భోజనం తీసుకునే కుటుంబాలలో ఎవరు రాయగలరో ఈ వారమే అడిగి చూడండి.