పోస్టర్ వేసే ముందు

ప్రశ్న: కార్పొరేట్ కమ్యూనికేషన్స్‌లో పన్నెండేళ్లుగా పనిచేస్తున్నాను. ఇప్పుడు సీఎస్సార్ (కంపెనీ సామాజిక బాధ్యత) విభాగం నాకు అప్పగించి, గృహహింస నివారణపై ఏడాది కార్యక్రమం వేయమన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: అలవాటు కొద్దీ నినాదం, లోగో, ప్రారంభ తేదీ మీదికే మనసు పోతుంది. ఇక్కడ ఆ వరస బెడిసికొడుతుంది. ప్రచారం మొదలైతే హెల్ప్‌లైన్‌కు ఫోన్లు పెరుగుతాయి. ఎన్నాళ్లకో ధైర్యం చేసి ఫోన్ చేసిన మనిషికి అవతల ఎవరూ ఎత్తకపోతే, మళ్లీ చేయకపోవచ్చు. అందుకని ముందు హెల్ప్‌లైన్ నడిపే భాగస్వామి సంస్థ వాళ్లతో కూర్చోండి. ఏ వేళల్లో ఎంతమంది ఫోన్ల దగ్గర ఉంటున్నారు, ఎన్ని కాల్స్ అందుకోలేకపోతున్నారు, ఈ రాత్రికి చోటు కావాలంటే ఆశ్రయ గృహంలో మంచం ఖాళీ ఉందా అని అడగండి. ప్రచారపు డబ్బులో కొంత కౌన్సెలర్ల జీతాలకు మళ్లించండి. అది ఫొటోలో పడే ఖర్చు కాదు కాబట్టి పైవాళ్లు ముఖం చిట్లిస్తారు. వాళ్లను ఒప్పించడమే మీ మొదటి పని. మహిళలపై హింసకు వ్యతిరేకంగా ఏటా నవంబర్ 25 నుంచి డిసెంబర్ 10 వరకు ప్రపంచమంతటా జరిగే 16 రోజుల ప్రచారానికి ఇదంతా సిద్ధం కాకపోతే, ఈ ఏడాదికి వదిలేయండి.

పోస్టర్లు క్యాంటీన్ గోడకు వద్దు. అక్కడ నిలబడి చదివితే నలుగురి కళ్లూ పడతాయి. టాయిలెట్ తలుపుకు లోపలివైపు అతికించండి, మగవాళ్ల టాయిలెట్లలో కూడా. పోస్టర్ అడుగున చించుకునే చీటీల మీద హెల్ప్‌లైన్ నంబరు తప్ప ఇంకేమీ ఉండకూడదు. మొదటి రెండు చీటీలు మీరే చించేయండి; ఏదీ చిరగని కాగితం నుంచి తొలి చీటీ తీయడానికి చాలామంది జంకుతారు. వెబ్ పేజీలో వెంటనే బయటపడే బటన్ పెట్టండి. అది బ్రౌజర్ హిస్టరీని చెరపదనీ ఆ పక్కనే రాయండి.

ప్రశ్న: హింస నుంచి బయటపడిన ఒకావిడ వీడియోలో మాట్లాడతానన్నారు. సంతకం తీసుకుంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. షూటింగుకు ముందు, ఎడిట్ చేసింది చూపించాక, విడుదలకు ముందు మళ్లీ మళ్లీ అడగాలి. ఎప్పుడైనా వద్దనవచ్చని చెప్పండి. ఒకసారి బయటికి వెళ్లిన వీడియోను పూర్తిగా వెనక్కి తీసుకోలేమని కూడా దాచకుండా చెప్పండి. ముఖం మసకబారిస్తే చాలనుకోవడం పెద్ద పొరపాటు. గొంతు, గాజులు, కిటికీలోంచి కనిపించే వీధి, పిల్లల యూనిఫాం, ఏ ఏడాది ఏ ఉద్యోగం మానేశారన్న వివరం... వీటిలో రెండు కలిస్తే వెతికేవాడికి దారి దొరుకుతుంది. ఫొటో ఫైల్లో లొకేషన్ ఉంటే తీసేయండి. కోర్టులో కేసు నడుస్తుంటే ఆవిడ లాయరు చూడకుండా ఒక్క వాక్యం కూడా వదలకండి. వీడియో చివరికి వాడినా వాడకపోయినా ఆవిడ వెచ్చించిన సమయానికి డబ్బు ఇవ్వండి.

‘ఇంతకాలం ఎందుకు భరించారు’ అని మాత్రం అడగొద్దు. ఇల్లు వదిలే సమయమే చాలాసార్లు అన్నిటికన్నా ప్రమాదకరం. కమిలిన కంటి బొమ్మ కూడా వద్దు. జీతం లాక్కోవడం, ఫోన్ తనిఖీ చేయడం అనుభవిస్తున్నవాళ్లు అది చూసి ‘నాది హింస కాదేమో’ అనుకుంటారు.

ప్రశ్న: మా ఉద్యోగుల్లోనే బాధితులుంటే?

జవాబు: ఉంటారనుకునే మొదలుపెట్టండి. పని ప్రదేశంలో హింస, వేధింపులపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో చేసిన 190వ ఒడంబడిక గృహహింసను కూడా ప్రస్తావిస్తుంది. న్యూజిలాండ్‌లో 2019 ఏప్రిల్ 1 నుంచి బాధితులకు ఏడాదికి 10 రోజుల వేతన సెలవు హక్కుగా ఉంది. సెలవు కన్నా ముందు హెచ్‌ఆర్ చక్కబెట్టాల్సినవి చిన్నవే: అత్యవసర కాంటాక్టుగా భర్త పేరే ఉండిపోవడం, జీతం పాత ఉమ్మడి ఖాతాకే వెళ్లడం, ఫోన్ చేసినవాడికల్లా రిసెప్షన్‌లో షిఫ్టు వేళలు చెప్పేయడం.

ప్రశ్న: బోర్డుకు ఏ లెక్కలు చూపాలి?

జవాబు: ఎంతమంది చూశారన్నది పక్కన పెట్టి, వచ్చిన కాల్స్‌లో ఎన్ని ఎత్తారో చూపండి. కాల్స్ పెరిగితే కార్యక్రమం విఫలమైందని ఎవరో ఒకరు అంటారు. నంబరు తెలిసినవాళ్లు పెరిగారని ముందే చెప్పి ఉంచండి. ఆశ్రయ గృహం చూస్తామని డైరెక్టర్లు అడిగితే కుదరదనాలి. ఆ చిరునామా రహస్యం.